కమలక్క తొట్లు

ఏయ్ పాపా, కీర్తనా, ఆగాగు. ఏందా చేతిలో? పురుగుల మందా? కింద పెట్టు ముందు. ఏమైందని అంత భయం? ఈగనా? యాడ? ఈ పిట్టగోడ కాడికి రా, నాకు ఆడికి కండ్లు ఆనవు. గులాబి ఆకును గుండ్రంగా కత్తిరించుకోని పోతాందా? పోయి తొట్టి అంచు కాడ మన్నులోకి దూరుతాందా? అట్లయితే దాన్నేమీ చేయాకు. అది నీ జోలికి రాదు. మామూలు తేనెటీగల మాదిరి గుంపు కట్టదు, తుట్టె పెట్టదు. దాని పాటికి అది ఒక్కతే వస్తాది. ఆకుముక్కల్తో లోపల పొట్లం చుట్టి, పూలపొడి పెట్టి, గుడ్డు పెట్టి, మూసేసి పోతాది. నాకెట్ల తెలుసంటావా? నాకేం తెలుసు, కమలక్కకు తెలుసు. నువ్వు బాడిగకుండే ఆ గది ఆయమ్మదే. ఏం, మీ ఓనరు చెప్పలేదా? యాల చెప్తాడు! చెప్పుకునేంత గొప్ప పని చేసినారా వాళ్లు?

కమలాక్షమ్మ అని పేరు. మీ ఓనరు వెంకటేషుకు మేనత్త. వాళ్ల నాయన రంగయ్య, చిన్నాయన నరసింహ, ఇద్దరికీ అక్క. బనగానపల్లెకు ఇచ్చినారు. పెండ్లయిన రెండో ఏడే మొగుడు పాయ. ట్రంకుపెట్టె ఒకటి పట్టుకోని ఈ ఆళ్లగడ్డకే తిరిగొచ్చింది. అప్పటికే వాళ్లమ్మ లేదు. నరసింహను సంకనేసుకోని సాకింది, తెలుసునా? వానికి జరమొస్తే నిద్ర లేదు ఆయమ్మకు. తర్వాత ఇద్దరికీ పెండ్లిండ్లు, మరదండ్లు వచ్చినారు, వాళ్లకు పిల్లోళ్లు, వాళ్లకు నీళ్లు పోసేది ఆయమ్మే, వంటా ఆయమ్మే. తనదంటూ ఉండింది మిద్దె మీది ఆ గది, దాని ముందర తొట్లు. తొట్లంటే నువ్వు తెచ్చుకున్న రంగుల ప్లాస్టిక్కువి గాదమ్మా. పగిలిన కడవలు, నూనె డబ్బాలు, ఈడ శిల్పాలు చెక్కేటోళ్లు బీట పడిందని పారేసిన రాతితొట్టి ఒకటి. కంది, గులాబి, గోరుచిక్కుడు వేస్తాండె. ఈ ఈగల కోసరమే. ఆకులన్నీ బొక్కలు. 'ఏందక్కా, చెట్లు పెంచేది వీటికి మేపేదానికా?' అంటి ఒకసారి. 'వాటికీ ఇల్లు గావాల గదా సావిత్రీ' అనె. నీళ్లు పోస్తే నడిమధ్యలో పోస్తాండె, సన్నంగా, అంచు తడిస్తే లోపల పిల్లలు కుళ్లిపోతాయని. సున్నం కొట్టేటోళ్లు ఒకపారి ఒక కడవను మూరెడు పక్కకు జరిపినారు. ఆ ఈగ వచ్చి, కడవ పక్కనే ఉండె గదా, దాన్ని చూడదు! పాత తావులోనే గిర్రుగిర్రున తిరుగుతాంది. 'దానికి తొట్టి గుర్తుండదు సావిత్రీ, తావు గుర్తుంటాది' అని, మళ్లీ కడవను యాడుండెనో ఆడికే జరిపింది. దూరిపాయ. నేను చూసినా, నా కండ్లతో.

పెద్ద మరదలు ఆదిలక్ష్మమ్మ ఏమనేదో తెలుసునా? ఇట్ల నడుమ్మీద చెయ్యి పెట్టుకోని, 'తేనె గూడ ఇయ్యనివి, వీటికెందుకొదినా ఇంత ఊడిగం?' అంటాండె. ఈగల గురించే అనిందంటావా? అంత తిక్కదాన్ని గాదులే నేను. కమలక్క గూడ గాదు. వినీ విననట్ల మెట్లెక్కి పోయేది.

ఆఁ, యాడుంటి? పంపకం. నరసింహ నంద్యాలలో ఇల్లు కట్టినాడు, సరే, భాగాలు పంచుకుందామన్యారు. ఎండాకాలం. పెద్దమనిషిగా వాళ్ల మేనమామ వచ్చినాడు ప్యాపిలి నుంచి, తలపాగా, చేతికర్ర. ఆయప్ప న్యాయమంటే న్యాయమే. ఇత్తడి సామాన్లు తక్కెట్లో పెట్టి తూచినాడు. నవ్వద్దు, నిజం చెప్తాండా, రుబ్బురోలు పెద్దోనికి, పొత్రం చిన్నోనికి! ఏం రుబ్బుతారయ్యా అని అడిగినోళ్లు లేరు. 'రేపు ఒకరినొకరు అనుకోగూడదు, అంతే' అంటాడు. అట్లనే అక్కను గూడ పంచినారు. ఆరు నెల్లు ఈడ, ఆరు నెల్లు ఆడ. ఆయమ్మ ఆ పక్కనే నిలబడుంది, అందరికీ మజ్జిగ ఇస్తా. ఒక్కరన్నా 'నీ మాటేందక్కా' అన్యారా? లేదు. తొట్ల కాడికొచ్చేసరికి మాత్రం నోరు తెరిచింది. ఆయమ్మ పది మందిలో మాట్లాడింది నేను విన్నది అదొక్కసారే. 'మామా, నన్ను యాడికన్నా పంపండి. ఆ తొట్లను మాత్రం వానలు పడేదాకా కదిలించొద్దండి. వాటిల్లో పిల్లలుండాయి' అనె. అందరూ నవ్విరి. నరసింహ గూడ నవ్వె. ఆయమ్మ సంకనేసుకోని సాకిన పిల్లోడు! మేనమామ తలకాయ అడ్డం తిప్పినాడు. 'పంపకంలో మిగులు పెట్టగూడదమ్మా, రేపు తగాదా వస్తాది' అనె. సగం తొట్లు టెంపోకెక్కించినారు. రాతితొట్టి గూడ.

ఆ రోజు ఎండ ఎట్ల కాసిందో! నేను బట్టలు ఆరేసేదానికి ఈ మిద్దెకొస్తి. అక్క ఆడ కూర్చోనుంది, నెత్తిన కొంగేసుకోని. ఈగలు వస్తాండాయి, తొట్లు లేని తావులో తిరుగుతాండాయి, నోట్లో ఆకుముక్క పట్టుకోని. ఆయమ్మ మిగిలిన డబ్బాలు తెచ్చి ఆడ పెట్టింది. ఈగలు దగ్గరికొచ్చి చూసి, పోయినాయి, వాటి గూడు గాదు గదా అది. ఆకుముక్కలు మిద్దె మీద రాలిపోయినాయి. 'లెయ్ అక్కా, ఎండదెబ్బ తగుల్తాది' అంటి. 'వాటికి చెప్పేదెట్ల సావిత్రీ' అనె. ఇప్పుడు గూడ, చూడు, చెప్తాంటే నాకు కోపమొస్తాంది.

నంద్యాలలో ఏమైందంటే, చిన్న మరదలు నాగమణి తొట్లను కారు పెట్టే షెడ్డులో పెట్టించింది. పొట్లాలు కొరుక్కోని పిల్లలు బయటికొస్తాంటే పురుగులు పురుగులని చెదలమందు పోసింది. అక్క ఆ ఇంట్లోనే ఉంది అప్పుడు, చూస్తా. వంతు ముగిసి ఈడికొస్తే, ఈడ గది బాడిగకిచ్చేసినారు. 'ఆరు నెల్లు ఖాళీగా పెట్టుకుంటామా వదినా?' అని ఆదిలక్ష్మమ్మ. మెట్ల కింద మంచమేసినారు. పైకెక్కేదానికి మనసొప్పలేదు ఆయమ్మకు, పరాయోళ్లుండారు గదా. మా ఇంట్లో నుంచి మా మిద్దెకు రమ్మంటే, ఈ పిట్టగోడ మీద నుంచి తొంగిచూసి దిగిపోయేది. ఒకసారి నంద్యాల నుంచి వంతు గాకముందే వచ్చేసింది, బస్సెక్కి, ఒక్కతే. ఆదిలక్ష్మమ్మ గడపలో అడ్డంగా నిలబడి, 'ఇంకా మా నెల రాలేదు గదొదినా' అనె. వాకిట్లోనే! గొంతు గూడ పెంచలేదు, లెక్క చెప్పినట్ల చెప్పింది. మా ఇంటికి పిల్చుకొచ్చి అన్నం పెడితే, పిడికెడు తిని, పొద్దు గూకకముందే మళ్లీ నంద్యాల బస్సెక్కింది.

నంద్యాలలోనే పాయ ఆయమ్మ. నిద్రలో. ఊరికే అనగూడదు, రంగయ్య ఆడికి ఉరికినాడు, అన్నదమ్ములిద్దరూ ఏడ్చినారు, బాగా ఏడ్చినారు. కాల్చినాక మూడో రోజు బూడిద దగ్గర కూర్చున్యారు, ఎముకలేరుకుంటా. నేను ఆడనే ఉండా. రెండు సన్న కుండలు తెచ్చినారు. ఒకటి పెద్దోడు సంగమేశ్వరానికి తీస్కపోయినాడు, ఒకటి చిన్నోడు కర్నూలుకు, తుంగభద్రకు. ఎముకలేరేటప్పుడు రంగయ్య దాంట్లో రోంత ఎక్కువైందేమో, నరసింహ ఒకటి తీసి తన కుండలో ఏసుకున్యాడు. ఏసుకోని నన్ను చూసి, 'సావిత్రక్కా, మా అక్కకు మేమిద్దరం ఏం తక్కువ చేయలేదు' అనె.



పో పాపా. నీళ్లొచ్చే టైమాయ, బిందె పెట్టుకో.