హాజరుగారి పావుగంట

ఎవరి గురించీ, మీ తాత గురించా? కూర్చో తల్లీ. ఆ కుర్చీలో వద్దు, కాలు ఊగుతుంది, ఇటు రా. ఆయన మీద పుస్తకం రాస్తున్నావా? బానే ఉంది. మరి మునిసిపల్ ఆఫీసుకెళ్లి పాత రికార్డులు చూశావా? ఏముంది వాటిలో? హాజరు, హాజరు, హాజరు. అంతేగా! అయిదేళ్లు కౌన్సిలర్‌గా వెలగబెట్టిన మహానుభావుడి చరిత్ర మొత్తం ఆ మూడక్షరాలే. అందుకే ఊరంతా ఆయన్ని హాజరుగారనేది. ఆయనకి కోపం కూడా వచ్చేది కాదు, పైగా నవ్వేవాడు. మీటింగులకి మినిట్సు రాసే గుమాస్తాని నేనేగా. నా ఎదురుగానే కూర్చునేవాడు, ఫ్యాను కింద. ఛైర్మన్‌గారు గొంతు సవరించుకునేలోపే మీ తాతకి కళ్లు మూతలు పడేవి. గురక లేదులే, ఆ మాత్రం మర్యాద ఉండేది. టీ వచ్చిందంటే మాత్రం ఎవరూ లేపక్కర్లేదు. ఛైర్మన్‌గారా? అబ్బో, ఆయన దారే వేరు. ఆయన తుమ్మినా మినిట్సులోకి ఎక్కాలి. 'ఏమయ్యా, నేనన్న ఆ మాట రాశావా, బ్రహ్మాండంగా వచ్చిందది' అంటూ నా పేజీలోకి తొంగిచూసేవాడు. పుణ్యాత్ముడు, నా చేతివేళ్లన్నీ ఆయన ఉపన్యాసాలకే అరిగిపోయాయి.

ఎక్కడున్నాం? ఆఁ. ఒకరోజు మీ తాత లేచి నిలబడ్డాడు. ఇంటికెళ్తున్నాడేమో అనుకున్నాం. కాదు, మాట్లాడతాడట! కొత్తగా కట్టిన స్కూలు గోడ బీటలిచ్చింది, వేలు దూరుతోంది, పిల్లలు దాని కిందే ఆడుకుంటున్నారు, పడగొట్టి మళ్లీ కట్టించండి అని. తడబడ్డాడు, చెమటలు పట్టాయి, అయినా కూర్చోలేదు. పావుగంట! ఆ గోడ కట్టిందెవరనుకున్నావు? ఛైర్మన్‌గారి బావమరిది. ఇంకేం, అందరూ పైకప్పు చూస్తూ కూర్చున్నారు. మీటింగయ్యాక ఛైర్మన్‌గారు నా భుజం మీద చెయ్యేసి, 'అదంతా ఎందుకులేవయ్యా, కాగితం దండగ' అన్నాడు. నేను మహా పొదుపరిని కదా! 'ఇతర విషయాలు చర్చించారు' అని రాశా. ఒక్క లైను.

రెండు నెలలకి గోడ కూలింది. సెలవు రోజు కాబట్టి పిల్లలు లేరు. వాచ్‌మన్ కాలు పోయింది. విచారణకొచ్చిన పెద్ద ఆఫీసరు కౌన్సిలర్లందర్నీ కూర్చోబెట్టి, ముందుగా ఒక్కరైనా చెప్పలేదా అని అడిగాడు. మీ తాత లేచి, 'నేను చెప్పానండీ, మినిట్సు పుస్తకం చూడండి' అన్నాడు. ఎంత ధీమాగా అన్నాడో! వరండాలో సగం ఊరుంది. చదవమన్నారు. నేనే చదివా, ఆ ఒక్క లైనూ. ఎవరో కిసుక్కుమన్నారు. వాచ్‌మన్ పెళ్లాం నవ్వలేదు. 'అప్పుడు చూస్తూ కూర్చుని, ఇప్పుడు అబద్ధం కూడానా' అంది, ఆయన మొహమ్మీదే. మీ తాత నావైపు చూశాడు. నేను పేజీ తిప్పా. మళ్లీ ఆయన ఎన్నికల జోలికి పోలేదు. రోడ్డు మీద కనబడితే ఒంట్లో బావుందా అని అడిగేవాడు నన్ను. తిట్టినా బావుండేది, తల్లీ. సిగ్గుతో చచ్చేవాణ్ణి, ఇప్పటికీ అంతే. ఇదిగో, పెన్నెందుకు ఆపావు? అలా చూడకు నన్ను. రాయి. ఒక్క ముక్క వదలకుండా రాయి.