చర్చిలో ఇచ్చిన మాట

హలో… ఆ, నేనే. జెనీవానండీ, వెర్నెల్‌గారి మనవరాలిని… గట్టిగానా? నా గొంతు ఇంతేనండీ… స్పీకరులో పెట్టాను, వెర్నెల్ అమ్మమ్మ కూడా వింటుంది. చెప్పండి, లాయరమ్మగారూ.

…కేసు కొట్టేశారా? జడ్జిగారు అసలు విననే లేదా?

…ముందు ఎవరికి ఫిర్యాదు చెయ్యాలి? క్లినిక్కుకి డబ్బిచ్చే సర్కారు శాఖకా? అక్కడ తేలకపోతేనే కోర్టా?… మరి బస్టాపు ప్రకటన బోర్డు మీద నవ్వుతుంటాడే, మీకంటే ముందు మా కేసు వేసిన ఆ లాయరు మాకీ ముక్క చెప్పలేదండీ. పదండి కోర్టుకి అన్నాడు… ఆ, నవ్వడం మాత్రం బాగా వచ్చు.

…అక్టోబరులో. అమ్మమ్మకి పక్షవాతంతో మాట పడిపోయాక క్లినిక్కుకి తీసుకెళ్ళాం. మాట నేర్పే క్లాసులో డెబ్బై దాటినవాళ్ళకి చోటు లేదన్నారు. మళ్ళీ పనిలోకి వెళ్ళేవాళ్ళకేనట. ఆమె మొహం మీదే అన్నారండీ… అవును, వయసు చూసి కాదనకూడదని చట్టముందని లాయర్ల దగ్గరికొచ్చాకే తెలిసింది.

…ఎందుకు రాయలేదంటే… ఫిర్యాదు చేశామనే అనుకున్నామండీ! పాస్టర్ గిలియమ్‌గారికి చెప్పాం. క్లినిక్కు పెద్ద హార్వెల్‌గారిది మా చర్చే. ఆదివారం ప్రార్థనయ్యాక పాస్టరుగారు ఆయన్ని అందరి ముందూ నిలబెట్టి అడిగారు. గుండె మీద చెయ్యేసుకుని, ఈస్టర్‌లోపు చోటిస్తానన్నాడు. అందరం ఆమెన్ అన్నాం… కాగితమా? మా దగ్గర అలా ఒప్పుకున్నాక కాగితం రాస్తే, పాస్టరుగారిని నమ్మనట్టేనండీ.

…ఆ. ఈస్టర్ వెళ్ళిపోయింది.

…ఫిర్యాదుకి ఆరు నెలలే గడువా?… అదీ దాటిపోయిందా?

…ఒక్క క్షణమండీ, పొయ్యి మీద గ్రిట్స్, మొక్కజొన్న జావ, మాడుతోంది… ఆ, దించాను.

…ఇప్పుడు రాస్తే? ముందు మధ్యవర్తి… తర్వాత విచారణ… మళ్ళీ ఆరు నెలలు చూసి, అప్పుడు కోర్టు. మాట వస్తే మొదటి ఏడాదిలోనే బాగా వస్తుందన్నాడండీ డాక్టరు. అప్పటికి ఏడాది దాటిపోదూ?

…అసలు గడువు దాటినా తీసుకుంటారా?… గట్టి కారణం చూపించాలా? ఉంది కదా, మాటిచ్చాడు!… పాస్టరుగారు రాసివ్వాలా? హార్వెల్ మాటిచ్చి తప్పాడని, సంతకంతో?… అడుగుతాం. చర్చి అంతా విన్నదే కదా.

…ఆ, ఆ "వద్దు" అన్నది అమ్మమ్మేనండీ. పట్టించుకోకండి. అవునన్నా నోట్లోంచి వద్దనే వస్తుంది. కాఫీ కావాలన్నా వద్దే. చెయ్యి నొక్కితే అవునని లెక్క… అడుగుతానుండండి.

అమ్మమ్మా, పాస్టరుగారిని రాసిమ్మని అడగనా?… నొక్కు… నొక్కవేం?… పాస్టరుగారి పరువు తియ్యడం కాదే. హార్వెల్ మాటిచ్చాడని రాయడమేగా… అమ్మమ్మా. ఇలా చూడు. నువ్వు నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయింది?

…ఒక్క నిమిషం, లాయరమ్మగారూ. చెయ్యి లాగేసుకుంది… లేదండీ, ఏడవడం లేదు. నాకేసే చూస్తోంది… పాస్టరుగారొద్దు, నేను రాస్తాను. నేనూ విన్నాను కదా. పదహారేళ్ళండీ నాకు. నా సంతకం చెల్లు—

అమ్మమ్మా, ఫోనివ్వు. ఇవ్వవే… నాకోసమైనా… కట్ చెయ్యకు, అమ్మ—