చేతి ఎత్తున రాతి వరుస

అట్ల గోడకు ఆనుకొని కూసుంటే కలిపిన సిమెంటు మీ కోసం ఆగుతదా, అత్తమ్మా? జర లేవుండ్రి. ఎల్లప్ప మేస్త్రి వాకిట్ల కూసొని బీడీ మీద బీడీ కాలుస్తున్నడు. ఇంకో బీడీ ముట్టిచ్చిండంటే ఇగ ఇయ్యాల పని అయినట్టే.

మాట్లాడరు. గోడలు చెక్కుడు మొదలైన నాటి సంది మీ నోట్లె నుంచి మాట లేదు. అన్నం పెడితే తింటరు, నీళ్ళిస్తే తాగుతరు, పిలిస్తే మొఖం అటు తిప్పుకుంటరు. మూడు గోడలకు పింగాణీ బిళ్ళలు అతికినయి, ఇగ ఈ ఒక్క గోడ మిగిలింది. దీనికే మీరు వీపు ఆనిచ్చి కూసున్నరు. చేతులు పట్టి లేపుతనా మిమ్మల్ని? లేపితే రేపు తాండూరంత ఏమంటది? సావిత్రమ్మను కోడలు వంటింట్ల నుంచి ఈడ్చి పారేసింది అనరూ?

ఇప్పుడేమన్న తక్కువ అంటున్నరా. పక్కింటి సుమిత్రమ్మ గడపల నిలబడి తొంగి చూసి, "కస్తూరమ్మా, ఇది వంటిల్లా దవాఖానా" అని అడిగింది. మీ కొడుకుకైతే బజార్ల తలెత్తుకునేటట్టు లేదంట. ఊర్లూర్లకు తాండూరు బండలు అమ్మేటోడు, సొంత ఇంటి గోడకు కాల్చిన మట్టి అతికిస్తున్నడని రైలు టేషన్ల బండలెక్కిచ్చే హమాలీలు గూడ నవ్విండ్రంట. "నీ షోకు నా బేరం మీదికి వచ్చింది" అన్నడు నన్ను. అననీ అని ఊకున్న.

ఆ, ఆ మాటకు మాత్రం మీ పెదవి కదిలింది. చూసిన.

షోకే అయితే పూల బిళ్ళలు తేనా, మీరే చెప్పుండ్రి? పట్నంల దుకాణపాయన ఎన్ని రకాలు తీసి ముంగట పరిచిండు! గులాబి పువ్వులయి, ఆకుపచ్చయి, నీలం అంచుయి. మీ కొడుకు ఆకుపచ్చయి బాగున్నయన్నడు. నేను వద్దన్న. ఏ రంగూ వద్దు, పాల లెక్క తెల్లగ ఉండాలె, మెరవాలె అన్న. ఒక బిళ్ళ చేతికిస్తే వాకిలి దాక పట్టుకపోయి ఎండకు పెట్టి చూసిన. ఎదురు గోడ మీద వెలుతురు తునక పడ్డది. ఇగ ఇదే అన్న. దుకాణపాయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు.

ఈ బిళ్ళలు నేను మొదటిసారి చూసింది వికారాబాదుల, మా అన్న కైలాసం కొత్త ఇంటికి పోయినప్పుడు. స్నానాల గది. ఉన్నది ఒక్కటే చిన్న కిటికీ. తలుపేసుకుంటే చీకటి పడుతదనుకున్న. పడలేదు. ఆ కిటికీల కెల్లి వచ్చిన ఇంత వెలుతురునే గోడలు ఒకదానికొకటి ఇచ్చుకుంటున్నయి. నా కొంగు నూలుపోగులు గూడ కనబడ్డయి.

అక్కణ్నే మన వంటిల్లు యాదికొచ్చింది. పొగకు నల్లబడ్డ గోడలు, పైన ఒక్క వెలుతురు బొక్క, పట్టపగలు గూడ దీపం కావాలె. సున్నం వేద్దమంటే కట్టెల పొయ్యి దాన్ని తెల్లగ ఉండనిస్తదా? ఈ బిళ్ళలైతే తడిగుడ్డతోని తుడిస్తే మళ్ళ కొత్తయే.

వెలుతురు ఎందుకంటరా? ఈ చీకట్లనే నేను ఇన్నేండ్లు వండలేదా అంటరు. నోటితోని అనకున్నా అంటున్నరు, నాకు ఇనబడుతున్నది.

సరే. ఒక కథ చెప్త. మా నాయిన నవాబుపేట బడిల పిల్లలకు చెప్పేటోడు. మేస్త్రిని ఇంకో బీడీ కాల్చుకోమందాం.

ఒక ఊర్ల ఒక గొర్లకాపరి. వయసు మీద పడి కండ్లకు మసక కమ్మింది. చెప్తే కొడుకులు మందను గుంజుకొని తనను అరుగు మీద కూసోబెడుతరని ఎవరికీ చెప్పలేదు. పెండ్లానికి తెల్వకుంట ఉంటదా? తెలిసింది. ఆమె అడగలేదు. సంతకు పోయి పెద్ద ఇత్తడి గంట కొనుక్కొచ్చి, ముందు నడిచే పొట్టేలు మెడల కట్టింది. పొట్టేలుకు సొమ్ములు పెడుతున్నదని ఊరు నవ్వింది. ముసలోడు గూడ తిట్టిండు. తిట్టుకుంటనే గంట ఎంబడి అడివికి పోయిండు, గంట ఎంబడి ఇంటికి మర్లొచ్చిండు.

కథ అంతే. ఎందుకట్ల చూస్తున్నరు?

అవును, తెలుసు. శానా దినాల సంది తెలుసు నాకు. పోయిన పండుగకు పప్పుల రెండోసారి ఉప్పు వేసింది మీరు. నేనే మరిచి వేసిన అని మీ కొడుకుకు చెప్పిన. అన్నంల రాళ్ళు వచ్చిననాడు చాట పట్టింది నేను కాదు. ఆ తిట్లు గూడ నేనే తిన్న. మీ కండ్లు మసకబారినయని తెలిస్తే ఆయన మిమ్మల్ని పొయ్యి కాడికి రానిస్తడా? పొయ్యి కాడికి రానియ్యకపోతే ఇగ మీరు ఎక్కడ ఉంటరు, అత్తమ్మా? నా షోకని చెప్పి మీకు వెలుతురు తెద్దమనుకున్న.

ఆగుండ్రి, లేవకుండ్రి. ఇప్పటిదాక లెమ్మన్నది నేనే గని, జర ఆగుండ్రి. అసలు మాట ఇంకా అనలేదు.

నిన్న మాపున మేస్త్రి పోయినంక మీరు ఒక్కరే లోపలికి వచ్చిండ్రు. నేను తలుపు కాడ ఉన్న, మీకు తెల్వదు. గోడ మీద చెయ్యి పెట్టుకొని నడిచిండ్రు. ఎప్పుడూ అట్లనే నడుస్తరు, మోకాళ్ళ నొప్పులేమో అనుకునేదాన్ని. పెచ్చు ఊడిన కాడ పోపుడబ్బా, పగులు కాడ చింతపండు కుండ, గోడ ఉబ్బిన కాడ నీళ్ళ బిందె. ఇల్లంత మీ వేళ్ళ కిందనే ఉండె. నిన్న ఆ వేళ్ళు బిళ్ళల మీద జారుకుంట పోయినయి. ఎక్కడ ఆగాలెనో వాటికి తెల్వలేదు. పోయి పోయి కాలే పొయ్యికి తగిలినయి.

మీరు వేలు నోట్ల పెట్టుకొని వచ్చి ఈ గోడకు కూసున్నరు. పాత గోడ ఇదొక్కటే మిగిలింది గద.

కండ్లకు వెలుతురు ఇయ్యబోయి నేను మీ చేతుల కెల్లి దారి గుంజుకున్న.

పొద్దున్నే బండల కాడికి పోయి, నున్నగ చెయ్యని తాండూరు బండను సన్నటి పట్టీలు కొట్టియ్యమన్న. ఎల్లప్పకు చెప్పిన, చేతి ఎత్తున ఒక వరుస బిళ్ళలు కాదు, ఈ గరుకు రాయి రావాలె అని. ఈ గోడకే కాదు, అయిపోయిన ఆ మూడింటికి గూడ. అతికినయి తీస్తే పలుగుతయమ్మా అన్నడు. పలగనీ అన్న. పోపుడబ్బా కాడ రాయికి వేలికి తగిలేటట్టు ఒక గంటు, బిందె కాడ ఇంకో తీరు గంటు. పొయ్యి ఇంకా జానెడు దూరం ఉందనంగనే రాయి ఆగిపోవాలె. గింత నున్నటి గోడల గీ మొరటు రాయి ఏందమ్మా అని తల గోక్కున్నడు. మా ఇంటాయన బండల వ్యాపారి, ఆయన ముచ్చట తీరాలె గద అన్న. మీ కొడుకు ఆ మాట ఇని మీసం దువ్వుకున్నడు.

గని గంట్లు సరిగ్గ ఎక్కడ పడాలెనో నాకేం ఎరుక? మీ వేళ్ళకు ఎరుక. లేచి చూపియ్యుండ్రి. మాట్లాడకున్నా సరే, చెయ్యి పెడితే చాలు, నేను బొగ్గుతోని గీస్త.

ఊరికి ఇంకో నవ్వు దొరికింది పో. కస్తూరికి షోకు గూడ సక్కగ చేసుకోరాదు, తెల్లటి గోడకు మొరటు పట్టీ కట్టిచ్చింది అంటరు. అనుకోనీ. నన్ను అనేందుకు వాళ్ళకు ఎప్పుడు కరువైంది గనక.

ఆ, మెల్లగ. నా భుజం పట్టుకోండ్రి. ఓ ఎల్లప్పా, ఆ సిమెంటు పోనీ, మళ్ళ కలుపు.

ఇయ్యాల పప్పుల ఉప్పు మీరే వేయుండ్రి, అత్తమ్మా. ఎక్కువైతే నేనే వేసిన అని చెప్త.