ఎల్లాజీ మూసిన రేకు తలుపు

కూకో కొండబాబూ, కూకో. నీ మిల్లులో మోటార్లు ఎందుకు కాల్తన్నాయో అడగడానికి నాకాడికి వచ్చినావా? మేనమావ గదా, పెద్ద మిస్త్రీ జోగయ్య గదా అనీసి వచ్చినట్టున్నావు. ఆ రోజుల్లో నన్నడిగుంటే నీ మిల్లు మొత్తం తగలెట్టీసుందును. ఎల్లాజీ ఉండుంటే సెప్పీవోడు. ఎవుడంటావేటి? ఇజీనారం అవతల గోనెసంచుల మిల్లులో నా సేతికింద పనిసేసినోడు. సేతికింద అన్నానా? సర్లే, అప్పుడు అలాగే అనుకునీవోణ్ని. సముద్రపొడ్డు మనిసి, వేటకెళ్లీవోళ్ల ఇంట పుట్టినాడు. బీడీ ఎప్పుడూ సెవి మీదే ఉండీది, నోట్లో పెట్టగా నేను సూడలేదు. ఆడు పోయి ముప్పయ్యేళ్లు దాటినాది.

అవి యుద్ధం రోజులు. ఇసక బస్తాలకి సంచులు కావాలనీసి సర్కారోళ్లకి తొందర, మా మిల్లు తెల్లదొరకి అంతకన్నా తొందర. నార దులిపీ గదిలోంచి దుమ్ము లాగీయడానికి ఒక పేద్ద బ్లోవరు ఉండీది. దాన్ని తిప్పీ మోటారుకి నేనే కాపలా. సదువు లేకపోయినా గొంతున్నాది, మిస్త్రీ అవడానికి అది సాలు. ఆ బ్లోవరు గొట్టంలోన ఒక రేకు తలుపు. బిగించినోళ్లు దాన్ని సగానికి మూసి పోనారు. నాకు మోటారు మీద జాలేసింది. పాపం, ఊపిరాడక సస్తంది గావాల అనీసి, బార్లా తెరిసీసినాను. పదిరోజులకి మోటారు కాలిపోనాది. కొత్తది పెట్టినాం, అదీ కాలిపోనాది. బేరింగులు మార్సినాం, గ్రీజు దట్టించినాం, దాని ముందర నిమ్మకాయలు కూడా కోసినాం. మూడోదీ పోనాది. దొరకి తెలుగు రాదు, గుమస్తా జగన్నాధం గారికి ఇంగ్లీసు అంతంత మాత్రం, నాకు రెండూ రావు, మజ్జిలో మోటార్లు పోతన్నాయి! జగన్నాధం గారు ముక్కుతో మాటాడీవోడు. “మూడుసార్లూ డ్యూటీలో ఉన్నవాడు ఈ ఎల్లాజీయేనండీ, కావాలనే కాల్చేస్తున్నాడు” అనీసి దొర సెవిలో ఊదీసినాడు. దొర నాలుగోది తెప్పించి, ఇదీ కాలితే ఎల్లాజీని పోలీసులకి అప్పసెప్పీస్తానన్నాడు. ఆ రోజుల్లో యుద్ధం సరుక్కి అడ్డమొచ్చినాడంటే ఇంక మనిసి ఇంటికి రాడు.

రెండ్రోజులకి ఏటయినాదో తెల్సా, ఖాళీ సంచొకటి ఎగిరెళ్లి బ్లోవరు నోటికున్న జల్లెడకి అతుక్కుపోనాది. సచ్చేం రా అనీసి నేను లాగబోతే, ఎల్లాజీ నా సెయ్యట్టుకున్నాడు. “ఉండు మావా. ఇను.” నాకేటి ఇనిపిస్తాది, నా గుండె తప్ప! ఆడు మోటారు మీద అరిసెయ్యెట్టి, కళ్లు మూసుకున్నాడు. “నోరు మూస్తే దీనికి సులువయినాది మావా. మూలుగు తగ్గినాది” అన్నాడు. “ఎదవా, నోరు మూస్తే ఎవుడికైనా సులువవుతాదేట్రా?” అన్నాను. “తెడ్డు నీట ములిగితేనే గదా బుజానికి బరువు? పైపైన ఆడిస్తే బరువేటి? గాలీ అంతే. ఎంత గాలి మోస్తే అంత నడుం ఇరుగుతాది. మనం దీన్చేత ఎక్కువ మోయిస్తన్నాం” అన్నాడు. మనం అన్నాడు సూడు, నువ్వు అన్లేదు.

మర్నాడు దొరని పిలిపించినాడు. మోటారు ఎంత కరెంటు తాగతందో సూపించీ ముల్లొకటి గోడమీద ఉండీది. అందరం మెడలు సాపి దాన్నే సూస్తన్నాం. ఎల్లాజీ నిచ్చెనెక్కి, రేకు తలుపు మెల్లిగా మూస్తన్నాడు. ముల్లు దిగతంది. మూస్తంటే దిగతంది రా! తెరిస్తే ఎర్రగీత దాటీసినాది. మళ్లీ మూసినాడు, మళ్లీ దిగినాది. కంటికి కానరాని గాలిని, అచ్చరం ముక్క రానోడు, కాటాలో ఏసి తూసినట్టు తూసి సూపించీసినాడు. దొర టోపీ తీసీసినాడు. జగన్నాధం గారు ముక్కు ముల్లుకి ఆనించి మరీ సూసినాడు.

అప్పుడు దొర ఏదో అడిగితే, జగన్నాధం గారు తెలుగులో అన్నాడు, “ఇంతకీ ఆ తలుపు తెరిచింది ఎవడూ?” నేను తల దించీసి, సేతులకున్న గ్రీజు తుడుసుకుంటన్నాను. ఎల్లాజీ నిచ్చెన మీంచి నాకాసి ఒకపాలి సూసినాడు. “ఎవుడు తెరిసినాడో తెల్దు బాబూ. మూసి సూడమన్నది మాత్రం మిస్త్రీ జోగయ్యగారే” అన్నాడు.

దొర నా బుజమ్మీద సెయ్యేసి, నిజమేనా అని అడిగించినాడు.

ఏటన్నానా... అవును బాబూ అన్నాను.

మజ్జిగ తాగు, కొండబాబూ. పులిసిపోతాది.