మిరపకోతల సైటులో అమ్మమ్మ ముఖం

బ్రాడీపేటలో వెబ్‌సైట్లు తయారుచేసే చైతన్య ఆఫీసులో, హిస్టరీ లెక్చరర్ సంతోషకుమారి తెరమీద మిరపకోత కూలీల పాత ఫొటో చూడగానే ఘాటు తగిలినట్టు ముఖం చిట్లించింది.

"చరిత్రకి సైటు కట్టమంటే, సైటు కొట్టే బొమ్మలు పెట్టావేంటయ్యా?"

"ఫొటోలు మసకగా ఉన్నాయి మేడం. ఏఐతో కొంచెం బాగుచేశాను."

"ఘాటు తగలకుండా వీళ్ళంతా ముఖాలకి గుడ్డలు కట్టుకున్నారు. అవేవి?"

"ముఖాలు కనపడకపోతే ఎవరు చూస్తారండీ? అందుకే తీయించాను."

"తీయించి, కింద నవ్వులు అతికించావు! మేం రాసేది మిరపకోతల గురించి. నువ్వు కోసేవి వట్టి కోతలు!"

"మధ్యలో ఆవిడ బాగా వచ్చారు కదండీ?"

"ఆవిడ మా అమ్మమ్మ. మా అమ్మకి ఊహ తెలియకముందే పోయింది. మిగిలింది ఈ ఒక్క ఫొటోనే. ఆవిడ ముఖం ఎలా ఉండేదో మాకే తెలియదు, నీ కంప్యూటర్‌కి ఎవరు చెప్పారు? తీసెయ్!"

చైతన్య మౌస్ మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

"మేడం, నిన్న మీ ఫోనుకి పంపిన లింకు మీకంటే ముందే మీ అమ్మగారు తెరిచి చూశారట. పొద్దున్నే నాకు ఫోన్ చేశారు. ఈ ఫొటో పెద్దది చేసి ఫ్రేము కట్టించమన్నారు. 'మా అమ్మ అచ్చం నాలాగే ఉందయ్యా' అని ఒకటే ఏడుపు."

సంతోషకుమారి తెరమీద ఆ నవ్వుని అరచేత్తో కప్పింది.

"గుడ్డ ఉన్న ఫొటోనే పెట్టు. ఫ్రేము కట్టించకు."

"మరి ఆవిడకి ఏం చెప్పమంటారు?"

"నువ్వేం చెప్పొద్దు. మా అమ్మ దగ్గర్నుంచి వాళ్ళమ్మని రెండోసారి లాక్కునే పని నా నెత్తిన పెట్టావు కదయ్యా!"