అతుకు లేని కాలవ

ఏందమ్మాయ్ రాధికా, ఆ వ్యాను పొద్దున్నించీ గుర్రుగుర్రుమంటా ఉండాది మీ వాకిట్లో? గట్టరా? మీ రేకుల నీళ్ళు నా గోడ మీద పడకుండానా? మంచి పని చేస్తుండావు తల్లీ. నేనే అడుగుదామనుకున్నా, ఇరుగూ పొరుగూ, మాటెందుకులే అని ఊరుకున్నా. కరెంటు పోయింది గదా, వచ్చేదాకా ఇట్టా వచ్చి కూర్చో, ఆ అరుగు మీద దుమ్ము లేదులే, ఇందాకే తుడిచినా. అదేంది, ఆ మిషన్లో ఒక పక్క రేకు చుట్ట పెడితే రెండో పక్క కాలవై వస్తుండాదే! ఎంత పొడుగంటే అంతా? అతుకే ఉండదా? ముప్పై రెండడుగులైనా? ఆ... అట్టాగా. మా అన్న చూసుంటే ఆ మిషను తిప్పే పిల్లోడి చెయ్యి పట్టుకోని వదిలేవోడు కాదు.

మా అన్నంటే తిరుపాలు. నీకు తెలవదులే, నువ్వు ఈ ఊరికి కాపరానికి రాకముందే పోయినాడు. ఉదయగిరిలో రేకు పని చేసేవోడు. బొక్కెనలు, గరాటాలు, కిరసనాయిలు బుడ్లు, ఇంకా పెంకుటిళ్ళకి చూరు కింద రేకు కాలవలు. అప్పుడు రేకులు పొట్టిగా వచ్చేయి. ఒకదానికొకటి చేర్చి సీసం కరిగించి మాటు వేసేది. కొండ దిగువ ఊరు గదా, వానొస్తే ఆ నీళ్ళు ఎట్టా దూకుతాయో నీకు చెప్పినా అర్థం కాదు. మట్టి గోడలు. చూరు నీళ్ళు గోడకి తగలకుండా కాలవ కట్టాల్సిందే. దుత్తలూరు దాకా మనిషిని పంపించి పిలిపించుకునేవోళ్ళు. "తిరుపాలు మాటేస్తే పదేళ్ళు చూడాల్సిన పన్లే" అనేవోళ్ళు. ఊరందరి కాలవలూ బాగుండేయి, ఆయన ఇంటివే మిగిలిన ముక్కలు. ముక్క ముక్కకీ అతుకు. మా వదిన చిన్ని నవ్వేది, "మీ అన్న ఊరికి రేకు కాలవ కట్టి నాకు రేకు బొంత కుట్టినాడు" అని. సన్నంగా ఉండేది మా వదిన, మాటలు మాత్రం గంపెడు. నన్ను పేరు పెట్టి పిలవలా ఏనాడూ, "ఆడబిడ్డ గారో" అని రాగం తీసేది, ఎగతాళికి. నాకు తల దువ్వితే నెత్తి మంట పుట్టాల్సిందే, అంత బిగ్గర లాగేది... ఏం చెప్తుండా? ఆ, కాలవ.

నాకు పెళ్ళయి ఈ ఆత్మకూరొచ్చిన మూడో ఏడు. కార్తీకం. అప్పుడిది పెంకుటిల్లే. చూరు కాలవ వంగిందని కబురు చేస్తే అన్న వచ్చినాడు. ఒక్క పూట పని. సోమవారం చేసేసినాడు. మంగళవారం పొద్దున్నే సంచి సర్దుకోని, "పోతా పాపా, మా ఇంట్లో ఎనకాల అతుకొకటి విడింది, వానొచ్చేలోపు మాటు వేస్తానని చిన్నికి చెప్పొచ్చినా" అన్నాడు. నేను వినలా. "మంగళవారం పూట కదలొద్దన్నా, చెరువులో చేపలు పట్టినారు, పులుసు పెడతా, తిని రేపు పోదువు" అన్నా. మంగళవారం సాకు. నాకు మనిషి కావాల్సొచ్చింది. మా అత్తగారింట్లో నాతో పొద్దుపుచ్చి మాట్లాడేవోళ్ళు లేరమ్మాయ్. మా ఆయన పొద్దున పోతే పొద్దుగూకి వస్తాడు, వచ్చినా మూడు మాటలు. అన్న ఉంటే ఇల్లు ఇల్లులాగ ఉండేది. ఉన్నాడు. రెండు సార్లు వేయించుకోని తిన్నాడు. మధ్యాన్నం తిరిగేసరికి పట్టుకుంది వాన. బుధవారానికి వాగులన్నీ రోడ్డెక్కినాయి, బస్సుల్లేవు. నడిచైనా పోతానని బయలుదేరితే మా ఆయనా ఇంకో ఇద్దరూ పట్టుకోని ఆపినారు. మూడు రోజులు ఇదిగో, నువ్వు కూర్చున్న ఈ చోట అరుగు మీద కూర్చోని ఆకాశం చూసినాడు. నేను గిన్నెలో ఏం పెట్టిస్తే అది అట్టానే చల్లారిపొయ్యేది.

అక్కడ ఉదయగిరిలో మా వదిన ఆ విడిన అతుకు కింద బొక్కెన పెట్టిందంట. నిండేదీ, పారబోసేదీ. మూడు రోజులు. పక్కింటోళ్ళు "మా ఇంటికి రామ్మా" అంటే, "గోడ నానిపోతుందక్కా, ఆయనొచ్చి తిడతాడు" అనిందంట. మా అన్న తిట్టేదేంది, గట్టిగా మాట్లాడితే ఆయనకే దగ్గొచ్చేది. శుక్రవారం పొద్దున బొక్కెన ఎత్తబోతుంటే గోడ గోడంతా కూర్చున్నట్టు కూలిపోయింది. అన్న పొయ్యేసరికి అంతా అయిపోయింది. బొక్కెన కూడా ఆయన చేసిందే.

నన్నొక్క మాటనలా. అంటే బాగుండు. అప్పటినించీ మా ఇంట్లో ఒక్క ముద్ద తినలా. వచ్చేవోడు, అరుగు మీద కూర్చునేవోడు, పిల్లోళ్ళకి బిళ్ళలు ఇచ్చేవోడు, అన్నం వేళకి లేచి పొయ్యేవోడు. ఇంకొకటి పట్టుకుంది. వానొస్తే చాలు, నిచ్చెన భుజానేసుకోని ఎవరిళ్ళంటే వాళ్ళిళ్ళకి పోయి అతుకులు తడిమి చూసేది. పిలవాల్సిన పన్లా, కూలీ అడగడు. కొందరు నీళ్ళిచ్చేవోళ్ళు. కొందరు "ఏందిరా ఈ పిచ్చోడు పెంకు మీదకెక్కినాడు" అని కుక్కనుసికొల్పేవోళ్ళు.

అట్టా పన్నెండేళ్ళు. ఒకనాడు లారీలో దిగినాడు, పక్కన రేకు చుట్ట. మద్రాసు నించి ఎవర్నో బతిమాలి కొయ్యకుండా తెప్పించినాడంట. "పాపా, అతుకు ఉంటేనే గదా విడేది? అసలు అతుకే లేకుండా చేస్తా నీ ఇంటికి." మా ఆయన నవ్వినాడు. బజారు వీధిలో తాటి మొద్దులు వరసగా పరిచి, వాటి మీద రేకు పరిచి, చెక్క సుత్తితో టకటక, టకటక, పదకొండు రోజులు. హోటల్లో తినేది, ఆ రేకు పక్కనే పడుకునేది. అయింతర్వాత తెలిసొచ్చింది, వీధి మలుపులో తిరగదు! ఎనిమిది మంది మోసినారు. అటు తిప్పినారు, ఇటు తిప్పినారు. కడాకి మలుపులో ఉండే రాఘవమ్మ ఇంటి మీదగా ఎత్తాల్సొచ్చింది. ఆమె చేటతో బయటికొచ్చి, "ఒరే తిరుపాలూ! అదేందిరా, కొండచిలవని మోసుకొస్తుండారా నా ఇంటి మీద? ఒక్క పెంకు పగిలిందా, నిన్నే పెంకు చేసి కప్పుకుంటా!" అని. వీధంతా నవ్వింది. మా అన్న కూడా నవ్వినాడు. పన్నెండేళ్ళకి అప్పుడు చూసినా ఆయన పళ్ళు.

కాలవ చూరుకి బిగించి, తొలకరి వాన దాకా ఆగినాడు. వాన పడతా ఉంటే గోడకి అరచెయ్యి ఆనించి నిలబడినాడు, వాన నిలిచేదాకా. పొడిగా ఉండాది గోడ. అప్పుడు ధైర్యం చేసినా. "అన్నా, నా మీద కోపమా? నేనాపకపోతే వదిన ఉండేది గదా" అన్నా. చెయ్యి తియ్యలా. "కోపం కాదు పాపా. నువ్వు ఉండమన్నావు. పోదామనుకుంటే పొయ్యేవోణ్ణే. నీ పులుసు బాగుండాదని నాకే కదలబుద్ధి కాలా. ఆ రుచి తలుచుకుంటే నా మీద నాకే అసయ్యం. అందుకే నీ ఇంట్లో తినలేను" అన్నాడు. అప్పటికైనా తింటాడేమోనని వండి పెట్టినానమ్మాయ్. నిచ్చెన తీసుకోని పోయినాడు.

తర్వాత మిద్దె కట్టినాం గదా. నేను వద్దనలేకపోయినా. కాలవ దించినారు, మలుపు తిరగదని మేస్త్రీ రంపం బ్లేడుతో మూడు ముక్కలు కోసినాడు. నేను వంటింట్లో చెవులు మూసుకోని కూర్చున్నా. అన్న వచ్చి చూసి, "మంచిదేలే, మిద్దెకి అదెందుకు" అన్నాడు. అంతే. మళ్ళా ఈ గడప తొక్కలా.

కలువాయి పక్క పల్లెలో పోయినాడు. వానలో ఎవరిదో ఇల్లెక్కి దిగి, జొరమొచ్చి వాళ్ళ వసారాలోనే పడినాడంట. ఆ ఇంటావిడ పుణ్యాత్మురాలు, గంజి పోసింది, తాగినాడంట. ముక్కూ మొహం తెలియనోళ్ళ చేతి గంజి తాగినాడు చూడు. "మా వాళ్ళెవరూ లేరు" అని చెప్పినాడంట. ఆమెకి ఎవరో నా సంగతి చెప్పి, నాకు కార్డు ముక్క వచ్చేసరికి నెల దాటింది. అప్పటికింక ఏం చెయ్యాల? పొయ్యి, ఆ వసారా చూసొచ్చినా. ఆమె నాకు అన్నం పెట్టబోతే, నేనూ అన్న మాదిరే లేచి...

కరెంటొచ్చినట్టుండాది చూడు. పో, పో, మోటరు వేసుకోపో తల్లీ, మళ్ళా పోతుంది.