గడప మీద కూర్చున్న అన్న

ఎమ్మిగనూరులో ఆ పొద్దున అతను మగ్గం ఆపి గడప వైపు చూశాడు. లేని మనుషులు కనిపించే జబ్బు అతనిది. ఎవరు కనిపించినా ముందు పెండ్లాన్ని అడగమని ఆదోని డాక్టరు చెప్పి పంపాడు.

"మే, గడప మీద మా అన్న కూర్చోనుండాడు. నీకు కనపడతాండాడా?"

"యాడ? ఎవరూ లేరు. నువ్వు నెయ్యప్పా."

"మాత్రలు మానేసి తాయెత్తు కట్టించుకో అంటాండాడే?"

"లేనోళ్లు అట్లనే అంటారు."

"నిజమేలే. ఆయప్పకు ఎనుముకున్నంత తెలివి గూడా లేదు."

"ఇంగొంచెం గట్టిగా అను."

అతను గట్టిగానే అన్నాడు. అన్న మొహం మాడ్చుకుని బీడీ ముట్టించాడు. ఆమె దగ్గి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"లేనోని బీడీకి నీకు దగ్గెట్ల వస్తాది మే?"

ఆమె కొంగుతో పొగను విసురుకుంది.

"ఆయప్పను తరుముకోవాలంటే తరుముకో. లేడని మాత్రం సెప్పొద్దు. నీ మాట పట్టుకునే గదా నేను బతుకుతాండేది? అదీ అబద్ధమైతే ఇంగెవర్ని అడగల్ల?"

ఆమె కండ్లు తుడుచుకుంది. పొగకో, మాటకో అతనికి తెలియలేదు. తర్వాత గడప వైపు తిరిగింది.

"మీరుండారు బావా. ఇంగ లేసి పోండి."